బిరహరి కర్రకు ఒక సాక్షి

ఆవనూనెలో ముంచిన గుడ్డతో మాంగ్లెం పదకొండో కర్ర తుడిచి, మేకుకి తగిలించి, పన్నెండోది దించాడు. దించేటప్పుడు కళ్ళు మూసుకోవడం అతని అలవాటు. పిడి మీద బొటనవేలు ఆనించి చూస్తే చాలు, ఎవరిదో తెలిసిపోతుంది. ఒక్కో మనిషి చెయ్యి పేము బెత్తాన్ని ఒక్కో తీరున అరగదీస్తుంది మరి. ఈ పన్నెండోది లోపలివైపు నున్నబడింది, చిటికెనవేలు పడే చోట మూడు పంటిగాట్లున్నాయి. ఓడిపోయిన కోపంలో కర్రని కొరికిన పెద్దమనిషిది అది. ఆయన పోయి ఇరవయ్యేళ్ళయింది, గాట్లు మాత్రం నిన్న పడ్డట్టే ఉన్నాయి.

నంబుల్ ఏటి గట్టు మీద, ఇంఫాల్ ఊరు ఇక అయిపోవచ్చిందనగా ఉంటుంది ఆ పోలో క్లబ్బు. క్లబ్బంటే మరేమీ లేదు. ఒక మైదానం, పొట్టి గుర్రాలు కట్టే పాక, పక్కన రేకుల గది. గదిలో ఒక గోడంతా మేకులే. ఇరవయ్యేడు మేకులు, ఇరవయ్యారు కర్రలు, అన్నీ పోయిన సభ్యులవి. ఏ మేకు ఖాళీ అయితే కొత్త కర్ర దానికే ఎక్కుతుంది. చివరి మేకు ఖాళీ. దానికి మాంగ్లెం తన చొక్కా తగిలించుకుంటాడు.

మనిషి పొట్టి, ఆ గుర్రాలకు సరిపడ్డ పొట్టి. డెబ్భయ్యొకటో ఏడు నడుస్తోంది. నీళ్ళ బకెట్లు మోసీ మోసీ ఎడమ భుజం కిందకు జారిపోయింది. కాళ్ళు విల్లులా వంగి, వేళ్ళు విడివిడిగా విచ్చుకుని, చెప్పులు ఎరగని పాదాలు. ముక్కు మీద పొద్దున్నే దిద్దుకున్న గంధం గీత చెమటకి సగం చెరిగిపోయింది. ఈ క్లబ్బులో గుర్రాలవాడిగా చేరి నలభై తొమ్మిదేళ్ళు. ఇక్కడి వాళ్ళందరి తలపాగాలూ కట్టాడు, దవడ పట్టీలు బిగించాడు, విరిగిన కర్రలు అతికించాడు. సభ్యుడు మాత్రం కాదు. కావాలని అతనికి తోచనూ లేదు, ఎవరూ అడగనూ లేదు.

ఇవాళ పోయినవాళ్ళని తలచుకునే రోజు. వరికోతలయ్యాక ఏటా ఒక ఆదివారం వస్తుంది. ఆ మధ్యాహ్నం కర్రలన్నీ తెచ్చి మైదానం నడిమి గీత మీద వరుసగా పరుస్తారు. ఒక్కో కర్ర దగ్గరికీ ఒక గుర్రాన్ని నడిపించుకొస్తారు. ఆ మనిషి ఆట ఆడగా చూసినవాడెవడైనా ముందుకొచ్చి, గుర్రం నుదుటి మీద చెయ్యి పెట్టి, తన కళ్ళతో చూసిన మాట ఒక్కటి చెప్పాలి. విన్నది పనికిరాదు, తండ్రి చెప్పగా తెలిసింది పనికిరాదు. గుర్రాలు మార్జింగ్ దేవుడివి, అబద్ధమాడితే తల విదిలిస్తాయని నమ్మకం. ఒకసారి ఒకాయన తన మామగారు ఒక్కరోజులో పదహారు గోల్స్ కొట్టాడని చెయ్యి పెట్టి చెబుతుంటే గుర్రం ఆయన ముఖాన తుమ్మింది. ఆయన వెంటనే తొమ్మిదికి దిగాడు. ఇప్పటికీ ఆ వీధిలో ఎవరైనా గొప్పలు పోతే, గుర్రాన్ని తెమ్మంటారా అని అడుగుతారు.

చూసినవాడు ఒక్కడూ మిగలని రోజున ఆ కర్ర మళ్ళీ గోడెక్కదు. గది వెనక పొయ్యిలోకి పోతుంది. ఆ మంట మీద టీ కాచి అందరూ తాగుతారు. అదేమీ అమర్యాద కాదు, పెద్దలు పెట్టిన పద్ధతే. కిందటేడు నోదియాచాంద్ కర్రని మాంగ్లెం తన చేతులతోనే రెండుగా విరిచి పొయ్యిలో పెట్టాడు. పాత పేము కదా, చిటపటమంది. టీ బాగానే కుదిరింది.

పదిహేడో కర్ర దించి బొటనవేలు ఆనించాడు. ఇంతవరకూ తడబడని వేలు అక్కడ తడబడింది. ఆ పిడిలో రెండు గుంటలున్నాయి. ఒకటి పొడుగు వేళ్ళ మనిషిది, రెండోది పొట్టి వేళ్ళ మనిషిది. రెండో గుంటలో తన వేలు సరిగ్గా కూర్చుంటోంది.

కూర్చోదా మరి, ముప్పయ్యైదేళ్ళుగా ఏటా పట్టుకుని తుడుస్తున్నవాడు తనే కదా! ఆ మాటా నిజమే. ఏది నిజమో తేలక మాంగ్లెం కర్రని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

అది బిరహరి కర్ర. ఓజా బిరహరి అనేవారు అందరూ, అయ్యవారు అన్నట్టుగా. పోయి ముప్పయ్యైదేళ్ళయింది. ఏటా అతని కర్ర దగ్గర కెప్టెన్ తోంచౌ లేచి చెప్పేవాడు. జోరున వాన, అవతలి గట్టువాళ్ళతో ఆట, గోల్స్ సరిసమానం, పొద్దు వాలిపోతోంది. వెదురు దుంప బంతి గాల్లోకి లేచింది. ఎర్ర గుర్రం మీద బిరహరి దూసుకొచ్చి, బంతిని ఎడంచేత్తో గాల్లోనే పట్టి, మళ్ళీ ఎగరేసి, కిందపడనివ్వకుండా కొట్టాడు. అలాంటి గోలు ఆ గట్టు మీద అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు. ఆ తోంచౌ ఈ వానాకాలంలో పోయాడు. ఇరవయ్యారో కర్ర ఆయనదే.

అంటే ఆనాటి ఆట చూసినవాళ్ళలో ఇక మిగిలింది మాంగ్లెం ఒక్కడు.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ గోలు కొట్టింది బిరహరి కాదని మాంగ్లెంకి ఒకప్పుడు తెలుసు. ఆ రోజు వెదురు పొద వెనక బిరహరి వణుకుతున్నాడు. అంతకు వారం ముందే అతని పక్కన ఆడేవాడు గుర్రం కింద పడి చనిపోయాడు. తలపాగా విప్పి, మాంగ్లెం తలకి చుట్టి, దవడ పట్టీ ముక్కు దాకా లాగి కట్టి, వెళ్ళు, ఎవరికీ తెలియదు అన్నాడు. మాంగ్లెం వెళ్ళాడు. గుర్రం రెండు చెవుల మధ్య నుంచి మైదానం కనబడటం, అరచేతిలో తడి బంతి బరువు, అన్నీ ఉన్నాయి అతని దగ్గర.

కానీ ఏటా గుర్రాన్ని పట్టుకుని నిలబడి తోంచౌ కథ వినగా వినగా, ఇంకొకటి కూడా వచ్చి చేరింది. తను గట్టు మీద బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు, తెల్ల తలపాగా మనిషి ఎర్ర గుర్రం మీద వెళుతున్నాడు, బంతి పట్టాడు, కొట్టాడు. బకెట్టు తీగ వేళ్ళని కోస్తున్న నొప్పి కూడా గుర్తుంది. ఒక మనిషి రెండు చోట్ల ఎలా ఉంటాడు? గుర్రం కుడికి తిరిగిందని తన జ్ఞాపకం, ఎడమకి అని తోంచౌ చెప్పేవాడు. గుర్రం మీద వాడికి కుడి అయితే గట్టు మీద వాడికి ఎడమే కదా అని ఒక ఏడు సరిపెట్టుకున్నాడు. మరి తలపాగా? అదీ అంతే. బిరహరికి తను వందసార్లు తలపాగా కట్టాడు. ఆ రోజు ఎవరి వేళ్ళు ఎవరి గడ్డం కింద వణికాయి? పైగా తోంచౌ ఏటా నుదుటి మీద చెయ్యి పెట్టి చెబితే గుర్రం ఒక్కనాడూ తల విదిలించలేదు. గుర్రానికి తెలియకుండా ఉంటుందా?

"ఏంటి పెద్దయ్యా, కర్రని జోకొడుతున్నావా?" అంటూ జుగిన్ లోపలికొచ్చాడు. క్లబ్బు సెక్రటరీ, నలభయ్యైదేళ్ళవాడు. చిన్నప్పుడు ఇదే పాకలో గుర్రం తోక పట్టుకుని తన్ను తిన్నవాడు. అందుకని మాంగ్లెం అతన్ని బాబూ అనలేడు, ఒరేయ్ అనలేడు.

"బిరహరిది. దీనికెవరు లేస్తారు జుగినూ?"

"ఎవరేంటి, నువ్వే. ఇంకెవడున్నాడు?"

"నేను గుర్రాన్ని పట్టుకునేవాణ్ణి కదా."

"గుర్రాన్ని నేను పడతాలే. సభ్యుడే చెప్పాలని ఎక్కడుంది? చూసినవాడు చెప్పాలని ఉంది. ఆ గోలు మాట ఒక్కటి చెప్పెయ్. చిన్నప్పట్నుంచి వింటున్నాం, అది లేకపోతే ఈ పండగే చప్పగా ఉంటుంది."

"చెప్పకపోతే?"

జుగిన్ తల గోక్కున్నాడు. "పద్ధతి నీకు తెలిసిందే కదా. నోదియాచాంద్ మా సొంత తాత. ఆయనదే ఆపలేకపోయాను."

"నాకు సరిగ్గా గుర్తులేదు జుగినూ."

"అయ్యో, మాకందరికీ గుర్తుంది కదా!" అని నవ్వాడు జుగిన్. తర్వాత జేబులో నుంచి చీటీ తీసి, బజారు నుంచి పేలాల ఉండలూ, పూలూ, అగరొత్తులూ తెమ్మన్నాడు. మాంగ్లెంకి చదువు రాదు, చీటీ దుకాణంలో చూపించడానికి.

వెళ్ళేముందు ఎర్రదానికి తవుడు పెట్టాడు. ఆనాటి ఎర్ర గుర్రానికి ఇది మునిమనవరాలు. ఆ వంశంలో పుట్టిన ప్రతి ఆడగుర్రాన్నీ అతను ఎర్రది అనే పిలిచాడు. ఒక్కోసారి దీని ముఖంలోకి చూస్తే ఏ కాలంలో ఉన్నాడో తెలియదు. "నీకు తెలుసా?" అని అడిగాడు. అది తవుడు అంటిన మూతిని అతని చొక్కాకి తుడుచుకుంది.

*

ఆడవాళ్ళ బజారులో ఇబెంహల్ చోటు మూడో వరుసలో, చేపల వైపు. బిరహరి భార్య. పులియబెట్టిన చేపలు ముప్పయ్యేళ్ళకు పైగా అమ్ముతోంది. వెదురు బుట్ట వెనక పీట మీద బాసింపట్టు వేసుకుని, తెల్లటి పైబట్ట భుజాల చుట్టూ కప్పుకుని, డెబ్భయ్యారేళ్ళ వయసులో కూడా ఈగని కళ్ళతోనే బెదిరించేలా కూర్చుంటుంది.

"ఓహో, గుర్రాలాయన వేంచేశాడు! జరగండే, జరగండి, మన చేపలకి దిష్టి తగులుతుంది" అంది పక్కవాళ్ళతో. "ఏం తమ్ముడూ, గుర్రం కంపు చాల్లేదా, చేపల కంపు కూడా కావాల్సొచ్చిందా?"

"పూలకొచ్చాను వదినా."

"పూలు అటు చివర. ఇక్కడ పూలు కొంటే దేవుడు ముక్కు మూసుకుంటాడు." పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు. ఇబెంహల్ మాత్రం అతని ముఖంలోకి చూసి నవ్వు ఆపేసింది. "ఏంటి? చెప్పు. ముఖం అలా పెట్టుకున్నావే."

మాంగ్లెం బుట్ట పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"వదినా, ఆ ఆట రోజున... ఓజాకి ఒంట్లో బాగాలేదా?"

"ఏ ఆట?"

"గోలు ఆట."

ఆమె ఒక చేపని తీసి, దుమ్ము లేకపోయినా దులిపి, మళ్ళీ బుట్టలో పెట్టింది. "ఒంట్లో బాగానే ఉంది. అన్నం తిని వెళ్ళాడు. రెండు మార్లు వడ్డించాను."

"అయితే ఆడాడన్నమాట."

"నన్నడుగుతావేం? నేను మైదానంలో ఉన్నానా? నువ్వున్నావు."

"నేనెక్కడున్నానో అదే తేలడం లేదు వదినా."

ఇంకెవరైనా అయితే ఆ మాటకి నవ్వేవాళ్ళు. ఇబెంహల్ నవ్వలేదు. పక్కావిడ వినకుండా కాస్త ముందుకి వంగింది.

"ఒకటి చెబుతాను విను. ఆ రోజు పొద్దుపోయి ఇంటికొచ్చాడు. అప్పటికే వీధంతా గోలు గోలు అని ఒకటే అరుపులు. తలపాగా చూస్తే మట్టి కొట్టుకుపోయి ఉంది. నల్లమట్టి, గుప్పెళ్ళ కొద్దీ. సరే, ఆడినవాడి తలపాగా అలాగే ఉంటుంది. కాళ్ళు కడుగుదామని నీళ్ళు తెచ్చాను. కడగడానికేముంది? పాదాలు తెల్లగా, శుభ్రంగా, నానిన అటుకుల్లా ముడతలు పడి ఉన్నాయి. పంచె మోకాళ్ళ దాకా తడి. తల మీద మట్టి, కాళ్ళు శుభ్రం. ఎక్కడైనా చూశావా అలాంటి ఆటగాణ్ణి?"

"అడిగావా మరి?"

"లేదు. మనిషి ముఖం అడిగేలా లేదు. ఆ పైన ఎనిమిదేళ్ళు ఉన్నాడు, ఎనిమిదేళ్ళూ అడగలేదు. తలపాగా ఇప్పటికీ పెట్టెలోనే ఉంది. ఉతకలేదు."

"ఎందుకని?"

"ఉతికితే ఇక అడగడానికేం మిగులుతుంది?"

మాంగ్లెంకి ఇంకా గందరగోళమైపోయింది. మట్టి తలపాగా తన వైపు చెబుతోంది, సరే. మరి శుభ్రమైన పాదాలేం చెబుతున్నాయి? వాన పడుతుంటే గట్టు మీద నిలబడ్డ మనిషి పాదాలకైనా మట్టి అంటాలి కదా. వెదురు పొద కింద ఉన్నా అంటాలి. ఆడినవాడి పాదాలు కావు, ఆడనివాడి పాదాలూ కావు. అసలు ఆ సాయంత్రం బిరహరి ఎక్కడున్నట్టు?

"తమ్ముడూ," అంది ఇబెంహల్, గొంతులో వెటకారమంతా పోయి. "ఆ కర్రని పొయ్యిలో పెట్టనివ్వకు. ఆయన చెయ్యి పడ్డ వస్తువు అదొక్కటే బయట మిగిలింది. మీరు టీ కాచుకుంటే నేనా టీ తాగలేను. అలాగని లేనిదీ చెప్పకు. ఇన్నాళ్ళూ లేనిదాని నీడనే కూర్చున్నానేమో అని నాకెప్పుడూ ఒక దిగులు. ఏదో ఒకటి చూసే ఉంటావుగా, ఆయన పక్కనే కదా బతికావు. చూసింది చెప్పు."

వచ్చేటప్పుడు పూలు తెచ్చాడు, ఉండలు తెచ్చాడు. అగరొత్తులు మరిచిపోయాడు. సగం దారిలో గుర్తొచ్చి వెనక్కి వెళ్ళి, పూలబుట్ట దుకాణంలోనే వదిలేసి అగరొత్తులతో వచ్చి, మళ్ళీ పూల కోసం వెళ్ళాడు.

*

మధ్యాహ్నం ఎండ పలచగా ఉంది. కర్రలన్నీ నడిమి గీత మీద పరిచారు, ఒక్కోదాని మొదట్లో ఒక పువ్వు. పోయినవాళ్ళ భార్యలూ, కూతుళ్ళూ తెల్ల పైబట్టలతో చాప మీద కూర్చున్నారు. ఇబెంహల్ ఒక గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని చివర కూర్చుంది. ఎర్రదానికి మాంగ్లెం అప్పుడే ఒళ్ళు కడిగి, కళ్ళేనికీ జీనుకీ తెల్ల నూలు కుచ్చులు కట్టాడు. అది పెళ్ళికూతురిలా తల వంచుకుని నిలబడింది, కుచ్చులు తినడానికి అందుతాయేమో చూసుకుంటూ.

ఒక్కొక్క కర్రే గడిచింది. ఒకాయన చెయ్యి పెట్టి, "మా బాబాయి గుర్రం మీంచి పడ్డప్పుడల్లా ముందు గుర్రానికి సారీ చెప్పేవాడు, నేను చూశాను" అన్నాడు. పన్నెండో దాని దగ్గర, "కొరికాడు. పన్ను కూడా ఊడింది. నేను చూశాను" అని ఒక ముసలాయన అంటే, చాప మీద పోయినాయన భార్యే అందరికన్నా గట్టిగా నవ్వింది. తోంచౌ కర్రకైతే తొమ్మిది మంది లేచారు. వరుసలో చివరిదైనా, కెప్టెనని దాన్ని ముందే కానిచ్చారు.

పదిహేడో కర్ర దగ్గర జుగిన్ కళ్ళెం అందుకుని, "పెద్దయ్యా, రా" అన్నాడు.

మాంగ్లెం చేతులు పంచెకి తుడుచుకుని వెళ్ళాడు. నలభై తొమ్మిదేళ్ళలో గుర్రానికి ఆ పక్కన నిలబడటం ఇదే మొదలు. ఏ చెయ్యి పెట్టాలో తెలియక ఎడం చెయ్యి పెట్టి, తీసి, కుడి చెయ్యి పెట్టాడు. నుదురు వెచ్చగా ఉంది. కుచ్చుల కింద వెంట్రుకలు ఇంకా ఆరలేదు. తడి గుర్రం వాసన వచ్చింది.

అందరూ చూస్తున్నారు. గోలు నోటి దాకా వచ్చింది. ఇలా చెబితే ఇబెంహల్‌కి కర్ర మిగులుతుంది, ఊరికి గోలు మిగులుతుంది. తోంచౌ చెబితే విదిలించలేదు, తను చెబితే మాత్రం ఎందుకు విదిలిస్తుంది? కానీ తోంచౌ చూశాడు. ఆయన చూసింది తలపాగానే అయినా, చూశాడు కదా! తను చూశాడా? గట్టు మీద నిలబడి చూశాడా? బకెట్టు... బకెట్టు పట్టుకున్నది ఎవరు?

తడి గుర్రం వాసన. వేడినీళ్ళ ఆవిరి. బకెట్టు బిరహరి చేతిలో ఉంది.

"పాకలో," అన్నాడు మాంగ్లెం.

"కాస్త గట్టిగా, పెద్దయ్యా!"

"ఆట అయ్యాక, పాకలో. నేను బకెట్టు అందుకోబోతే వద్దన్నాడు. నువ్వు కూర్చో అన్నాడు. పీట మీద కూర్చోబెట్టాడు నన్ను. తనే వేడినీళ్ళు తెచ్చి, నేల మీద మోకాళ్ళు ఆనించి, ఎర్రదాని కాళ్ళు నాలుగూ కడిగాడు. వేళ్ళతో గిట్టల సందుల్లో మట్టి తీశాడు. నాలుగు బకెట్లు. నీళ్ళల్లోనే కూర్చున్నాడు చాలాసేపు. ఓజా బిరహరి. ఈ కళ్ళతో చూశాను."

ఎర్రది కదలలేదు. ఊపిరి ఒకటి వదిలింది, అంతే.

గోలు కోసం కాచుకుని కూర్చున్నారు అందరూ. గుర్రం కాళ్ళు కడగడమేంటి? ఏ సభ్యుడూ ఎన్నడూ చెయ్యని పని. వెనక నుంచి ఎవరో, "తాతా, అసలు సంగతి మర్చిపోయావు, గోలు మాటేది?" అని అరిచారు.

"గోలు నేను చూడలేదు నాయనా."

"ఉన్నావుగా అక్కడ!"

"ఉన్నాను. అప్పుడు నా కళ్ళకి బంతి ఒక్కటే కనబడుతోంది."

నవ్వులు లేచాయి, మంచి నవ్వులే. పాపం, పెద్దాయనకి మతి తప్పుతోంది అన్నారు ఒకరిద్దరు. జుగిన్‌ లెక్క వేసుకున్నాడు. చూసిన మాటైతే చెప్పాడు, గుర్రమూ ఊరుకుంది, పద్ధతి ప్రకారం కర్ర గోడెక్కాల్సిందే. "సరే, ఉంటుంది," అని పద్దెనిమిదో కర్ర వైపు కళ్ళెం తిప్పాడు.

చాప మీద ఇబెంహల్ పైబట్ట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తన పాదాలకేసి చూసుకుంటోంది.

అంతా అయ్యాక ఆమె పాక దాకా వచ్చింది. మాంగ్లెం గుర్రానికి కుచ్చులు విప్పుతున్నాడు. ఆమె సంచీలోంచి తలపాగా తీసి పీట మీద పెట్టింది. బట్ట పసుపు పచ్చబడింది, మడతల్లో నల్లమట్టి అట్టకట్టి ఉంది.

"ఇది నీదే," అంది.

"ఓజాది వదినా."

"ఆయనదే. మట్టి నీది." ఎర్రదాని మెడ నిమిరి, "గిట్టల సందుల్లో కూడా తీశాడా?" అని అడిగింది.

"తీశాడు. ఒక్క రవ్వ ఉంచలేదు."

"ఇంట్లో ఒక్కనాడు గిన్నె కడిగి ఎరగడు," అంది ఇబెంహల్. నవ్విందో ఏడ్చిందో తెలియకుండా ముఖం తిప్పుకుని, ఖాళీ సంచీ ఊపుకుంటూ గట్టు వెంబడి వెళ్ళిపోయింది.

మాంగ్లెం కర్రలన్నీ గోడకెక్కించాడు. పదిహేడోదాన్ని ఎక్కించేటప్పుడు బొటనవేలు పొడుగు వేళ్ళ గుంటలో ఆనించి చూశాడు. తర్వాత పొయ్యి రాజేసి నీళ్ళు కాచాడు. మైదానంలో తిరిగి ఎర్రదాని కాళ్ళకి మట్టి అంటింది కదా. బకెట్టు తెచ్చి కడగడం మొదలుపెట్టాడు.

చీకటి పడకముందే గదికి తాళం వేద్దామని జుగిన్ వచ్చాడు. పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. "పెద్దయ్యా, టీ ఉందా?" అని అడుగుతూ పాకలోకి తొంగిచూశాడు. మాంగ్లెం పీట మీద కూర్చుని గుంజకి ఆనుకుని ఉన్నాడు, కాసేపు అలుపు తీర్చుకుంటున్నవాడిలాగే. ఎర్రది అతని భుజం మీద మూతి ఆనించి నిలబడి ఉంది. దాని మూడు కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. నాలుగోదానికి మట్టి అలాగే ఉంది.

"పెద్దయ్యా," అన్నాడు జుగిన్ మళ్ళీ, ఈసారి నెమ్మదిగా.

వాళ్ళొచ్చీ వీళ్ళొచ్చీ మాంగ్లెంని మోసుకెళ్ళాక, జుగిన్ ఒక్కడే పాకలో మిగిలాడు. చాలాసేపటికి గోరువెచ్చటి నీళ్ళు ముంచుకుని ఆ నాలుగో కాలు కడిగాడు. సరిగ్గా కడగడం అతనికి రాలేదు. లేచేటప్పుడు పీట కింద ఒక పాత తలపాగా దొరికింది. సభ్యులవి అలాంటివే ఉండేవి ఒకప్పుడు, కానీ ఇది ఏ సభ్యుడిదో అతనికి అంతు పట్టలేదు. మాంగ్లెం దగ్గరికి ఎలా వచ్చిందో, ఇంత మట్టి ఎప్పటిదో కూడా తెలియలేదు. ఉతికిద్దామా అనుకున్నాడు. ఎందుకో చెయ్యి రాలేదు. గదిలోకి తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక, చివరి మేకుకి మాంగ్లెం చొక్కా పక్కనే తగిలించాడు.

అది ఇప్పటికీ అక్కడే ఉంది. చొక్కా ఎవరో తీసేశారు. ఏటి వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా, ఆ తలపాగా మడతల్లోంచి చిటికెడు నల్లమట్టి కింద నేల మీదకి రాలుతూ ఉంటుంది.